ఇంటి బ్యాటరీకి లైన్ ఎవరిస్తారు

ఆ డ్యామ్ పేరు చెప్పను. చెబితే దాని పక్కనున్న గెస్ట్ హౌస్ పేరు చెప్పాల్సి వస్తుంది, అది చెబితే ఆ మేనేజరు పేరూ బయటికొస్తుంది. నా నోటికి అదుపు లేదు. సాతారా దిక్కున ఘాట్ ఎక్కి దిగితే వస్తుందని మాత్రం చెప్తాను. మేం వెళ్ళొచ్చి మూడు నెలలైంది. ఇప్పటికీ ఆ గేటు గుర్తొస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నా పేరు శంకర్రావు. మన తెలుగు కూలీల పేట కామాటిపురలో పుట్టాను, ఫోరస్ రోడ్ మొగదల నలభై ఏళ్ళుగా బ్యాటరీల కొట్టు నడుపుతున్నాను. నలుపూ పసుపూ టాక్సీలు తిరిగిన రోజుల్లో తెల్లారి స్టార్ట్ కాని టాక్సీ ఏదైనా తోసుకుంటూ నా కొట్టు ముందుకే వచ్చేది. గొప్ప కోసం చెప్పడం లేదు. ఇంత అనుభవమున్నవాడు ఎంత తప్పు చేయగలడో మీకు తెలియాలని చెప్తున్నాను.

మా అక్క మల్లవ్వకు డెబ్భై నాలుగేళ్ళు. ఆమెకు పదకొండేళ్ళప్పుడు మా అమ్మానాయనలు మేస్త్రీ వెంట ఆ డ్యామ్ పనికి వెళ్ళారు. కామాటిపుర నుంచి ఒక లారీ నిండా మనుషులు. అక్క కూడా వెళ్ళింది, సగం కూలికి మూడేళ్ళు తట్టలో కంకర మోసింది. పని అయిపోగానే వచ్చిన లారీల్లోనే అందరినీ ఎక్కించి పంపేశారు. డ్యామ్ నిండి, దాని కింద పవర్ హౌస్ తిరిగి కరెంటు పుట్టిన నాడు కట్టినవాళ్ళలో ఒక్కరూ అక్కడ లేరు. నేను ఆ ఏడాదే పుట్టాను.

ఆ తర్వాత కూడా ఆమె బతుకంతా కంకరా సిమెంటే. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందన్నాడు డాక్టరు. రెండేళ్ళుగా ఆమె ముక్కుకు గొట్టం. ఆ గొట్టం చివర ఒక మిషన్, గదిలో గాలిని పీల్చి అందులోంచి ఆక్సిజన్ తీసి పంపుతుంది. అక్క దాన్ని గాలి మిషన్ అంటుంది. అది కరెంటు మీద నడవాలి. మిషన్ ఆగితే కదలకుండా కూర్చుని అరగంట ఓర్చుకోగలదు, ఆపైన పెదవులు నల్లబడతాయి.

ఆమెకు ఒకటే కోరిక.

"తమ్మీ, ఆ డ్యామ్ల నీళ్ళు నిండినంక నేను సూడనే లేదురా. ఒక్కపారి సూడాలె" అనేది. మిషన్ వచ్చినప్పటి నుంచి ఆ మాట ఎక్కువైంది.

దానికి దారి చూపింది ప్రతీక్ష, అక్క మనవరాలు. ఇరవై ఏడేళ్ళ పిల్ల, మొండిఘటం. ఒక పాత స్కూల్ వ్యాన్ కొని, సీట్లన్నీ పీకి, లోపల మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్ పెట్టించి, కొంకణం తిరిగేవాళ్ళకు కిరాయికిస్తుంది. డ్రైవింగూ తనదే. "ఆజీ, నా గాడీల పోదాం. మంచం మీద పండుకొనే పోవచ్చు" అంది. అక్క మొహం ఎలా వెలిగిందో నేను చూశాను.

అలాంటి బండికి రెండు రకాల బ్యాటరీలుంటాయి. ముందుది ఇంజన్ స్టార్ట్ చేయడానికి. లోపల దీపాలకు, ఫ్యానుకు, ఫ్రిజ్‌కు వేరే బ్యాటరీ, దాన్ని నేను ఇంటి బ్యాటరీ అంటాను. గాలి మిషన్ నడవాలంటే ఆ ఇంటి బ్యాటరీ పెద్దది కావాలి. పెద్దవి రెండు నేనే నా కొట్లోంచి ఇచ్చాను. అంతవరకూ గొడవ లేదు. వాటిని ఛార్జ్ చేయడం ఎలా అన్న దగ్గర నాకూ ప్రతీక్షకూ నాలుగు వారాలు యుద్ధం జరిగింది.

మూడు దారులున్నాయి. బండి నడుస్తున్నప్పుడు ఇంజన్ డైనమోతో ఛార్జ్ చేసుకోవడం ఒకటి. టాప్ మీద సోలార్ ప్లేట్లు పెట్టుకోవడం ఒకటి. ఎక్కడైనా ఆపి, గోడ ప్లగ్గులో ఛార్జర్ పెట్టుకోవడం ఇంకొకటి. ప్రతీక్షకు మొదటి రెండూ కావాలి.

"తాతా, ఐక్ నా జరా, నా మాట ఇను. గాడీ నడ్సినంత సేపు ఛార్జ్ అయితే మనకు టెన్షన్ ఉండదు. ఆగినంక ఎండ ఉంటది" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఒక డైనమోకు రెండు బ్యాటరీలు కట్టడమంటే ఒకే ఇంట్లో సవతుల కాపురం. టాక్సీవాళ్ళు పాటల డబ్బాల కోసం అలా కట్టించుకుని, తెల్లారి రెండు బ్యాటరీలూ చచ్చి నా కొట్టుకు రావడం నేను ఎన్నిసార్లు చూశానో. మధ్యలో వేరే ఛార్జర్ పెడితే ఆ గొడవ ఉండదని పిల్ల ఫోన్లో బొమ్మలు చూపించింది.

"నా చేతుల మీద యాసిడ్ మచ్చలు ఎన్నున్నయో లెక్కవెట్టి, అప్పుడు నాకు పాఠం జెప్పు" అన్నాను.

సోలార్ సంగతికొస్తే, మా గల్లీలో రెండు చాల్‌ల, అంటే ఒక్కో గది కాపురాల మేడల, నడుమ బండి పెడితే ఎండ పడేది ముప్పావు గంట. ఆ ప్లేట్లు కాకులు రెట్టలేయడానికి తప్ప ఎందుకూ పనికిరావన్నాను. ప్లగ్గు ఒక్కటే నమ్మకమైన దారని తీర్పిచ్చేశాను. ఇక్కడ ఫుల్ చేసుకుని పోదాం, ఎనిమిది గంటలు మిషన్ నడుస్తుంది, దారి ఆరు గంటలే. అక్కడ దిగగానే ఎవరినైనా కరెంటు లైన్ అడుగుదాం.

"ఇయ్యకపోతే?" అంది ప్రతీక్ష.

నేను నవ్వాను. నిజంగానే నవ్వాను. ముసలామె ముక్కులో గొట్టం చూసి లైన్ ఇవ్వనివాడు పుట్టాడా?

నేనెందుకు నవ్వానో మీకు అర్థం కావాలంటే మా చాల్ అలవాటు చెప్పాలి. ఎవరింట్లోనైనా కరెంటు పోతే గ్యాలరీలోకొచ్చి "లైన్ దించుండ్రి" అని ఒక్క కేక వేస్తే చాలు, పై అంతస్తు నుంచి ఎవరో ఒకరు ఎక్స్‌టెన్షన్ బోర్డు కిందికి దించుతారు. పెళ్ళి దీపాలకైనా, చావు ఇంట్లో ఐసు పెట్టెకైనా, పరీక్షలు రాసే పిల్లలకైనా అంతే. ఎవరి మీటరు తిరిగిందని ఎవరూ అడగరు. పోయిన వానాకాలం మా వైపు మీటర్ పెట్టె కాలిపోతే, పదకొండు రోజులు అక్క మిషన్ ఎదుటి వైపు శ్రీకాంత్ వాళ్ళ లైన్ మీద నడిచింది. లోడు ఆగదని వాళ్ళ అంతస్తులో అందరూ ఫ్రిజ్‌లు బంద్ పెట్టుకున్నారు. శ్రీకాంత్ తల్లి పాలు విరగకుండా రోజుకు మూడుసార్లు కాచుకుంది, ఒక్క మాట అనలేదు. అరవై ఏళ్ళుగా నేను చూసిన లోకం అది. మనిషికి ఊపిరాడకపోతే లైన్ దానంతటదే పైనుంచి దిగుతుందని నా నమ్మకం.

"తాతా, బయట ఎవ్వరు గ్యాలరీల నుంచి వైరు దించరు" అంది ప్రతీక్ష.

చివరికి తగువు అక్క దగ్గరికి వెళ్ళింది. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బ్యాటరీల సంగతి తమ్మునికి ఎరుకున్నంత ఇంకెవరికి ఎరుక? వాడు జెప్పిందే జేయి బిడ్డా" అంది. ప్రాణం నా చేతిలో పెట్టింది. నేను మీసం దువ్వుకున్నాను.

అక్టోబర్ చివర్లో, డ్యామ్ నిండుగా ఉన్నప్పుడు, తెల్లవారి ఆరింటికి బయలుదేరాం. డాక్టరు అత్యవసరానికని చిన్న సిలిండర్ ఒకటి ఇచ్చాడు, నలభై నిమిషాలు వస్తుంది. అక్క మంచం మీద కాళ్ళు చాపుకుని కిటికీలోంచి చూస్తూ, కనబడిన ప్రతి వంతెననూ ఇది ఎవరు కట్టారో అని అడుగుతూ కూర్చుంది.

ఘాట్‌లో కంటెయినర్ ఒకటి అడ్డంగా పడింది. రెండు గంటలు బండ్లు కదల్లేదు. ఆ రెండు గంటలూ ఎండ మా బండి టాప్ మీద నిప్పులు పోసింది. సోలార్ ప్లేట్లు ఉంటే ఈపాటికి ఎంత ఎక్కేదో అని ప్రతీక్ష అనలేదు, నాకే అనిపించింది. ఘాట్ దాటాక ధాబా కనబడితే, "ఇక్కడ లైన్ అడిగి గంట ఆగుదామా?" అంది. వద్దన్నాను. పోయిన టైం కలుపుకోవాలి, అక్కడికెళ్ళి ఎలాగూ పెట్టుకుంటాం కదా. ఇది నా రెండో తప్పు.

మధ్యాహ్నం రెండు దాటాక డ్యామ్ గోడ కనబడింది. అంతకు పది నిమిషాల ముందే, బ్యాటరీ కరెంటును మిషన్‌కు పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ కూత మొదలుపెట్టింది, బ్యాటరీలు ఆఖరికొచ్చాయని. అక్క ఆ కూతను పట్టించుకోలేదు. "ఇంత పెద్దగ కట్టినమా తమ్మీ?" అని కిటికీకి మొహం ఆనించి చూస్తోంది.

డ్యామ్ మీదికి బండ్లను పోనివ్వరు. నీళ్ళు బాగా కనబడేది ఆ గెస్ట్ హౌస్ నుంచే. ఎత్తు మీద తెల్లటి బంగళా, ముందు పచ్చగడ్డి, గొడుగుల కింద కుర్చీలు. గేటు దగ్గర బండి ఆపించి నేను దిగాను. మేనేజరు వచ్చాడు. కుర్రవాడే, ఇస్త్రీ చొక్కా, నవ్వు మొహం. వాడి నవ్వు చూసి పని అయిపోయిందనుకున్నాను.

అంతా చెప్పాను. ముసలావిడ, మిషన్, బ్యాటరీ. రెండు గంటలు ఒక ప్లగ్గు చాలన్నాను, నా సొంత వైరే ఉందన్నాను. వాడు శ్రద్ధగా విని, ప్లగ్గులు గెస్టులకు మాత్రమేనన్నాడు. సరే, రూమ్ ఇవ్వు, గెస్టులమవుతాం అన్నాను. ముందుగా బుకింగ్ ఉండాలన్నాడు. బయటి బండ్లకు కరెంటు ఇవ్వకూడదని పాలసీ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

అప్పుడు చూశాను. లోపల చెట్టు నీడలో తెల్ల కారొకటి ఉంది. గోడకున్న పెట్టెలోంచి లావుపాటి వైరు దాని పక్కలోకి పోయింది, పచ్చ దీపం వెలుగుతోంది. బ్యాటరీ కారు. తీరిగ్గా కరెంటు తాగుతోంది. పట్టపగలు ఆ చెట్టుకు చుట్టిన రంగు బల్బులు కూడా వెలుగుతున్నాయి.

"కారుకు ఇచ్చే లైన్ మనిషికి ఇవ్వవా?" అన్నాను. మరాఠీలో అన్నాను, గట్టిగానే అన్నాను.

"అది గెస్ట్ కారు" అన్నాడు వాడు. సందేహమేమీ లేదు వాడికి. దగ్గరి టౌన్‌లో ఆస్పత్రి ఉంది, గంట దారి, అక్కడ అడగండని సలహా కూడా ఇచ్చి గేటు వేసుకున్నాడు.

గంట దారి! సిలిండర్ నలభై నిమిషాలు. వాడి మీద కోపం ఎంత వచ్చిందో నా మీద అంతకు రెట్టింపు వచ్చింది. తాతా, బయట ఎవరూ వైరు దించరని పిల్ల చెప్పింది. నవ్వాను కదా నేను.

బండిలోకి వచ్చేసరికి గాలి మిషన్ ఆగిపోయింది. ప్రతీక్ష అప్పటికే గొట్టాన్ని సిలిండర్‌కు మార్చింది. అక్క కళ్ళు మూసుకుని కూర్చుంది. ఛాతీ గబగబా ఎగిరిపడుతోంది. ప్రతీక్ష తిరిగి నా సంచి వైపు చూసింది.

"తాతా, నీ సంచిల జంప్ కేబుల్ ఉన్నదా?" అంది.

ఉంది. కొట్టు దాటి ఎక్కడికెళ్ళినా ఆ కేబుల్ లేకుండా వెళ్ళను. స్టార్ట్ కాని బండికి ఇంకో బండి బ్యాటరీ నుంచి కరెంటు అందించే తీగలవి. ఆ పిల్ల ఏమంటుందో నాకు అర్థమైంది. ఇంజన్ నడుపుతూ ముందు బ్యాటరీని ఇంటి బ్యాటరీకి కలపమంటోంది. నాలుగు వారాలు నేను తిట్టిన సవతుల కాపురం నా చేతులతోనే చేయమంటోంది.

చేశాను. ఇంటి బ్యాటరీలు డ్రైవర్ సీటు వెనక పెట్టెలో ఉన్నాయి కాబట్టి కేబుల్ అందింది. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు. నలభై ఏళ్ళలో మొదటిసారి రంగులు రెండుసార్లు చూసుకుని క్లిప్పు పెట్టాను. ప్రతీక్ష ఇంజన్ స్టార్ట్ చేసింది. మీటర్ పెట్టి చూశాను. ఊరికే తిరిగే ఇంజన్‌తో వచ్చేది మిషన్‌కే చాలదు.

"తొక్కు" అన్నాను. "ఇంకా తొక్కు. కాలు తియ్యకు."

తొక్కింది. పాత డీజిల్ ఇంజన్ గర్జించింది. ముల్లు మెల్లగా లేచింది. కేబుల్ మీద చెయ్యేసి చూశాను, వెచ్చబడింది కానీ కాలడం లేదు. ఐదు నిమిషాలకు ఇన్వర్టర్ కూత ఆగింది. మిషన్ స్విచ్ వేశాను. అది ఒకసారి బుస్సుమని నడవడం మొదలుపెట్టగానే నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. గొట్టం మళ్ళీ మిషన్‌కు పెట్టాను. ఇంకాసేపటికి అక్క పెదవులకు రంగొచ్చింది.

ఇంజన్‌కు రంగు లేదు కానీ పొగకు ఉంది. నల్లటి పొగ. గాలి కూడా మా పక్షానే ఉంది, పొగ నేరుగా గేటు దాటి, పచ్చగడ్డి దాటి, గొడుగుల కిందికి పోయింది. కుర్చీల్లో ఉన్నవాళ్ళు దగ్గుతూ లేచారు. టీ కప్పు పట్టుకుని ఒకాయన మేనేజరును కేకేశాడు.

వాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఈసారి నవ్వు లేదు. ఇంజన్ వెంటనే ఆపాలట. ఇక్కడ బండి నిలబెట్టి ఇంజన్ నడపడం మనా, కూడదట, బోర్డు కూడా ఉందట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. లైన్ ఇవ్వడు, నా ఇంజన్ నన్ను నడుపుకోనివ్వడు!

"లైన్‌కు బుకింగ్ కావాలన్నావు. పొగకు బుకింగ్ అక్కర్లేదు" అన్నాను. "ప్రతీక్షా, తొక్కు."

ఇంకో మబ్బు పోయింది. లోపల ఎవరో చిన్నపిల్ల దగ్గింది, దానికి మాత్రం నాకు సిగ్గేసింది. మేనేజరు వెనక్కి చూశాడు, ముందుకు చూశాడు. గేటు గొళ్ళెం తీశాడు. సరే, ఒక గంట లైన్ ఇస్తాను, ముందు ఇంజన్ ఆపండి అన్నాడు.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఇందాక మనిషి ఊపిరి కోసం అడిగితే ఇవ్వనివాడు ఇప్పుడు గొడుగుల కింది వాళ్ళ కోసం ఇస్తాడా? "నీ లైన్ నువ్వే నెత్తిన పెట్టుకో. మాకొద్దు" అన్నాను.

"తమ్మీ."

అక్క బండి తలుపు దగ్గరికి వచ్చి మెట్టు మీద కూర్చుని ఉంది. గొట్టం వెనక్కి సాగి మిషన్ దాకా ఉంది. ఆమె నన్ను చూడటం లేదు. బంగళా పక్కనుంచి కనబడుతున్న నీళ్ళ వైపు చూస్తోంది. ఎంత నీళ్ళు! కొండల సందుల్లోకి పోయి పోయి, ఎక్కడ ఆగాయో తెలియడం లేదు.

"ఊకో తమ్మీ" అంది. ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "వానిదెట్లయితది? అది నా కరెంటు. పెట్టు ప్లగ్గు."

ప్రతీక్ష ఇంజన్ ఆపింది. కేబుల్ క్లిప్పులు తీసి, నా వైరు చుట్ట విప్పుకుంటూ నేను గేటు లోపలికి నడిచాను. ఆ తెల్ల కారు పక్కన గోడకు ఇంకో ప్లగ్గు ఖాళీగానే ఉంది.

మేనేజరు నా వెనక రాలేదు. అక్క దగ్గరే నిలబడ్డాడు. ఆమె తెలుగులో ఏమందో వాడికి అర్థం కాలేదు, కానీ గంట మాట మాత్రం తేల్చుకోవాలని ఉంది వాడికి. మరాఠీలో అడిగాడు, ఆజీ, ఎంతసేపు కావాలి అని.

అక్క కూడా మరాఠీలోనే చెప్పింది. గోడ దగ్గర ప్లగ్గు పట్టుకుని ఉన్న నాకు ప్రతి మాటా వినబడింది.

"ఆ డ్యామ్ గోడకు మూడేళ్ళు కంకర మోశాను బాబూ. ఒక పూట తీసుకుంటాను."

ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాను. బండిలో ఛార్జర్ దీపం వెలిగిందని ప్రతీక్ష కేక వేసింది.